చెన్నపురి వెండి నాణెములపై తెలుగు అక్షరములు: వెల, విలువ

చెన్నపురి టంకశాలలో 1807, 1808 ప్రాంతమున తయారయిన పావు వరహా వెండి బిళ్ల తూకము సుమారు 10.5 గ్రాములు. దానిని నేడు కంసాలి యొద్దకు గొనిపోయినచో అతడు త్రాసున వేసి, గీటురాయిపై గీచి, తరుగు తీసివైచి, మిగిలిన వెండికి వెల కట్టును. అదే బిళ్లను నాణెముల సేకర్త చేతికిచ్చినచో అతడు త్రాసు జోలికి పోకమునుపే భూతద్దమును తీయును. గోపురమున కిరువైపుల నున్న చుక్కలను లెక్కించును. బిళ్లను త్రిప్పి, దేవతామూర్తి చుట్టును సాగిన అక్షరములను ఒక్కొక్కటిగా పరికించును. అక్షరములు నిలిచియున్నచో అతడిచ్చు మూల్యము కంసాలి వెలకు అనేక రెట్లుండును. అవి అరిగి మాసిపోయినచో అతడును కంసాలి లెక్కకే దిగును. ఈ అక్షరములలో సగము తమిళము, సగము తెలుగు.

తమిళదేశమున తరతరములుగా స్థిరపడిన తెలుగువారి చరిత్రకు శాసనములు, దేవాలయముల దానపత్రములు, వీథుల పేర్లు, వంశావళులు ఆధారములుగా చూపబడుచున్నవి. వెండి నాణెములను ఆ వరుసలో చేర్చువారు అరుదు. ఇందులకు కారణము లేకపోలేదు. శాసనము రాతిపై నున్నది గనుక కదలదు. నాణెమో చేతులు మారుచు, ఊళ్లు మారుచు, తుదకు మూసలో కరగిపోవును. ప్రభుత్వమే వెనుకకు తీసికొని కరగించిన నాణెముల విషయమున మిగిలినవి స్వల్పము. ఆ స్వల్పమునందును తెలుగు అక్షరము స్పష్టముగా నిలిచినవి మరియు స్వల్పము.

చెన్నపురికిని నాణెముల ముద్రణకును గల సంబంధము ఆ పట్టణమంత ప్రాచీనము. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఆంగ్ల వర్తకుల కొసగిన పట్టాలో కోట కట్టుకొను అనుమతితోపాటు నాణెములు ముద్రించుకొను హక్కును గలదు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరిటనే చెన్నపట్టణమను పేరు వచ్చినది. కోట యుత్తరమున పెరిగిన నల్లవారి పట్టణమునందలి పెద్దనాయకుని పేట, ముత్యాలపేట అను పేర్లు, కంపెనీకి ముఖ్య వర్తకులై 17వ శతాబ్దిన పేరొందిన బేరి తిమ్మన్న, కాశీ వీరన్న అను వారి పేర్లు, ఆ బజారులో ఏ భాష వినబడెడిదో చెప్పకయే చెప్పుచున్నవి. కోమట్లు, బలిజలు, బేరి వర్తకులు, దేవాంగులు ఉత్తరము నుండి వచ్చి అక్కడ నిలిచిరి. తమిళులతో కలిసి మెలసి, కొన్ని వేళల కలహించియు, వర్తకము సాగించిరి.

తొలినాళ్ల మదరాసు నాణెములపై ఈ జనుల లిపి కానరాదు. చిన్న వెండి పణములపై ఒకవైపు దేవతామూర్తియు, మరియొకవైపు ఒకదానితో నొకటి పెనవేసికొన్న రెండు ఆంగ్ల అక్షరములును మాత్రముండెడివి. 1692లో ఔరంగజేబు కుమారుడగు కాంబక్షు మొగలాయి రూపాయలను ముద్రించుటకును, 1742లో నవాబు ఆర్కాటు రూపాయలను ముద్రించుటకును కంపెనీ కనుమతి నిచ్చిరి. ఆ రూపాయలపై నున్నది పారసీకము. చదువగలవారు కొలదిమంది. బజారున దానిని చదువవలసిన అవసరమును లేదు. షరాబు చెవియు, వ్రేలును, త్రాసును చాలును.

ఇచట ఆనాటి లెక్క నొకింత తెలిసికొనవలెను. దక్షిణదేశమున పెద్ద లావాదేవీలకు బంగారు వరహా ప్రమాణము. నక్షత్రపు గుర్తుగల మదరాసు వరహాను జనులు పూవరహా యనిరి. చుక్కను పువ్వుగా చూచిరన్న మాట. చిల్లర కంతయు వెండి పణములు, వానికి దిగువ రాగి కాసులు. కంపెనీ లెక్కలలో 80 కాసులు ఒక పణము, 42 పణములు ఒక వరహా. బజారునందు ఈ లెక్క ఏనాడును నిలుకడగా లేదు. బంగారము ధర హెచ్చినపుడు వరహాకు పణములు హెచ్చెడివి. షరాబు తన వట్టము తాను పట్టుకొనెడివాడు. దీనికితోడు ఆర్కాటు రూపాయి వేరొక లెక్కతో నడచెడిది. కూలివాడు సాయంకాలమునకు తెచ్చుకొన్న పణము ఉదయమునకు ఎన్ని కాసులగునో అతనికే తెలియదు. నష్టమెప్పుడును చిల్లర చేతబట్టినవానిదే.

ఈ గందరగోళమును చక్కబెట్టుటకై 1807లో కంపెనీ అధికారులు మదరాసున యంత్రములతో కొత్త నాణెముల నారంభించిరి. సుత్తిదెబ్బతో కొట్టిన వంకరటింకర బిళ్లలకు బదులు గుండ్రని, సమమైన బిళ్లలు వెలువడినవి. అందు వెండివి పలు తరగతులు. అర వరహా తూకము సుమారు 21 గ్రాములు. అరచేతిలో నిండుగా కనబడు పెద్ద బిళ్ల అది. పావు వరహా అందులో సగము. వాని క్రింద ఐదు పణములు, రెండు పణములు, ఒక పణము. ఒక పణపు తూకము గ్రామునకు లోపలనే. గాలికి ఎగిరిపోవునట్లుండెడి బిళ్ల యది.

బంగారు నాణెమైన వరహాకు వెండిలో అర, పావు భాగములు చేయుట వింతయైన పని. బంగారము, వెండి ధరలు ఒకదాని ననుసరించి యొకటి నడువవు. ఈ రెండింటిని ఒకే త్రాటికి కట్టజూచిన ఈ ప్రయత్నము దీర్ఘకాలము నిలువకుండుటలో ఆశ్చర్యము లేదు. 1818 జనవరిలో వెండి రూపాయినే మదరాసు రాజధానికి ప్రమాణముగా నిర్ణయించి, 100 వరహాలకు 350 రూపాయలని మారకము ఏర్పరచిరి. ఇట్లు అర వరహా, పావు వరహాలు స్వల్పకాలపు సృష్టి. సేకర్తలకు వీనిపై గల మక్కువకు ఇదియు నొక హేతువు.

ఇక వాని రూపము. అర, పావు వరహాల ముఖభాగమున ఆలయ గోపురము, దాని కిరువైపుల చుక్కలు, చుట్టును బిగించిన నడికట్టు వంటి పట్టీ, దానిపై నాణెపు పేరు ఆంగ్లమునను పారసీకమునను ఉండును. రెండవవైపున చుక్కల నడుమ పద్మము నుండి వెలువడుచున్న విష్ణుమూర్తి. ఆ మూర్తి చుట్టును అదే పేరు తమిళమునను తెలుగునను చెక్కబడియున్నది. పణముల తరగతి బిళ్లలపై దేవతామూర్తి లేదు. ఒకవైపు ఆంగ్ల, పారసీకములును, రెండవవైపు తమిళ, తెలుగులును విలువను తెలుపును. నాలుగు భాషలు, నాలుగు లిపులు, ఒక్క వెండి బిళ్లపై ఇమిడినవి. పాలకుల భాష, పూర్వపు దర్బారు భాష ఒక ముఖమున. బజారు భాషలు రెండును మరొక ముఖమున. ఈ అమరిక కావలెనని చేసినదో, స్థలము చాలక చేసినదో చెప్పలేకున్నను, ఆనాటి మదరాసు సమాజము నింతకంటె చక్కగా చూపు బొమ్మ దొరకుట కష్టము.

పణముల బిళ్లలపై తెలుగు మాటను జాగ్రత్తగా గమనింపవలెను. తమిళభాగమున ‘పణము’ అని యున్నది. ఆంగ్లమునను దానినే వికృతము చేసి వ్రాసిరి. తెలుగుభాగమున మాత్రము ‘రూక’ అని యున్నది. తమిళమును చూచి తెలుగులిపిలోనికి దించుట తేలికయైన పని. ‘పణములు’ అని వ్రాసినను తెలుగువానికి తెలియకపోదు. అట్లు చేయక, తెలుగువాడు నోట పలుకు మాటనే ఎన్నుకొని చెక్కించిరి. అచ్చుదిమ్మెకు అక్షరములు వ్రాసి యిచ్చినవాడెవడో పేరు నిలువలేదు. అతడు లిపి మాత్రమే నేర్చినవాడు కాడనియు, తెలుగు బజారు నెరిగినవాడనియు ఈ యొక్క మాట చాలినంత సాక్ష్యము చెప్పుచున్నది. సంస్కృత రూపక శబ్దము నుండి వచ్చిన ఈ రూక తెలుగున ధనమున కంతకును పర్యాయపదమైనది. డబ్బు, దుడ్డు, కాసు అను మాటలును ఇట్లే నాణెముల పేర్లుగా నుండి సొమ్ము అను అర్థమునకు వ్యాపించినవే. వానిలో వెండి వంశమునకు చెందినది రూక యొక్కటే.

1808 నాటికి తెలుగు అచ్చుపని మదరాసున ఇంకను వ్యాపింపలేదు. సెంటు జార్జి కోట కళాశాల 1812లో గాని ఏర్పడలేదు. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణము, దానికి ఎల్లిసు వ్రాసిన పీఠిక 1816 నాటివి. అంతకు ఎనిమిదేండ్లకు పూర్వమే వేలాది చేతులలో తెలుగు అక్షరము యంత్రముద్రితమై తిరుగాడినది. తెలుగు లిపి చరిత్ర వ్రాయువారు తాళపత్రము నుండి సరాసరి అచ్చుపుస్తకమునకు దాటుదురు. నడుమ నున్న ఈ వెండిబిళ్ల మెట్టును విడుచుట తగదు. అక్షరముల తీరును పరిశీలించినచో ఒక్కొక్క అచ్చుదిమ్మెకు ఒక్కొక్క విధముగా నుండుట కనబడును. ఒకదానిపై అక్షరము పెద్దదై నిండుగా నుండును, వేరొకదానిపై ఇరికించినట్లుండును. సేకర్తలు వీనిని భేదములుగా ఎంచి, ఒక్కొక్క భేదమునకు ఒక్కొక్క మూల్యము నిర్ణయింతురు. పైకి పిల్లల ఆటవలె కనబడు ఈ లెక్కింపు వలననే, ఎన్ని అచ్చుదిమ్మెలు వాడబడెనో, ఉత్పత్తి ఎంత విరివిగా సాగెనో ఊహించుటకు వీలు కలుగుచున్నది.

మదరాసు నగరము ఎవరిదను వాదము 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడునాటికి ఎంత తీవ్రమైనదో అందరు నెరుగుదురు. ఈ నాణెములను ఆ వాదమునకు సాక్ష్యముగా నిలుపుట సరికాదు. తెలుగు ఉన్నంత స్థలమును తమిళమును ఆక్రమించియున్నది. మదరాసు రాజధాని నాణెములు ఆ నగరమునకే గాక, నెల్లూరు మొదలుకొని తిరునెల్వేలి వరకు నడువవలసినవి గనుక రెండు భాషలు అవసరమైనవని ఒకరు అనవచ్చును. అదియు నిజమే. కాని రెండు వందల యేండ్ల క్రిందట ఆ రేవుపట్టణమున నాణెము చెల్లవలెనన్న తెలుగువాని నమ్మకము అత్యవసరమని పాలకులు తలచిరనుట మాత్రము ఈ బిళ్ల వలన సందేహము లేకుండ తెలియుచున్నది. తమిళనాట తెలుగువారు అతిథులవలె వచ్చినవారను మాటకు ఇంతకంటె శాంతమైన ప్రత్యుత్తరము లేదు. ఒకే వృత్తములో చెరిసగము పంచుకొని యున్న ఆ రెండు లిపులు కలహించుచున్నట్లు కనబడవు.

యానాము పరిస్థితి ఇందులకు భిన్నము. 1736లో నవాబు దోస్తు అలీఖాను అనుమతిపై పుదుచ్చేరి ఫ్రెంచివారు ఆర్కాటు రూపాయలను ముద్రింప నారంభించిరి. వానికి గుర్తు నెలవంక. అవి నాణ్యమున పేరొంది సముద్రపుటొడ్డునెల్ల చెల్లినవి. పుదుచ్చేరి వెండి పణములపై కిరీటమును, ఫ్రెంచి రాజచిహ్నమగు పుష్పములును ఉండెడివి. మచిలీపట్టణము వారి చేతనున్న స్వల్పకాలమున అచటి రూపాయలపై త్రిశూలపు గుర్తు వేసిరి. 1759లో ఆ పట్టణము ఆంగ్లేయుల వశమైనది. ఈ ఫ్రెంచి వెండియందెచటను తెలుగు అక్షరము లేదు. 1954 వరకు ఫ్రెంచి యేలుబడిలో నుండిన యానాము సంపూర్ణముగా తెలుగు ఊరు. గోదావరి పాయ యొడ్డున నూలుబట్ట అమ్మి పుదుచ్చేరి నాణెము పుచ్చుకొన్న వర్తకుడు దానిని గుర్తుచేతనే గాని చదివి యెరుగడు. కావున యానాము ప్రాంతమున పాతయిండ్లలో నెలవంక రూపాయి దొరకినచో దాని మూల్యము లిపి వలన వచ్చునది కాదు. అది ఆ యింటనే దొరికెనను సంగతి వలన వచ్చును. ఈ విషయము తుదిని మరల ప్రస్తావింపబడును.

1835లో కంపెనీ రాజ్యమున కంతకును ఒకే రూపాయి యేర్పడినది. ముఖమున నాలుగవ విలియము రాజు తల, వెనుక ఆంగ్లము, పారసీకము. తెలుగు, తమిళములు వెండి నుండి తొలగినవి. పాత రాజధానుల నాణెములు ఖజానాలలోనికి వచ్చినవి వచ్చినట్లే కరగించి కొత్త రూపాయలుగా మార్చబడినవి. మదరాసు టంకశాలయు 1869లో మూతబడినది. అది యున్న వీథిని నేటికిని తమిళులు తంగశాలై యందురు. టంకము తెలియక తంగము, అనగా బంగారము, అనుకొన్నారు. తెలుగు మరల నాణెముపై కనబడినది 20వ శతాబ్దిలోనే. ఐదవ జార్జి కాలమునాటి అణా, రెండణాల బిళ్లలపై విలువ తెలుగునను వ్రాయబడినది. కాని ఆ లోహము రాగి నికెలు మిశ్రమము. మొదటి ప్రపంచయుద్ధకాలమున వెండికి కరవు వచ్చి, చిల్లర నాణెములకు నికెలు వాడుక హెచ్చినది. పెద్దమనిషి వెండి బిళ్లపై నుండి దిగిన తెలుగు, అనేక దశాబ్దముల తరువాత పేదవాని చిల్లరపై ఎక్కినది.

ఇక మూల్యవిచారము. అరుదైన నాణెమునకు అధికమైన వెల యనుట అందరు చెప్పు మాటయే గాని, అంత సూటియైనది కాదు. ప్రపంచమున నొక్కటియే మిగిలినను, దానిని కోరువాడు లేనిచో దాని వెల వెండి వెలయే. పావు వరహా మిగిలిన తరగతులకంటె తరచుగా కనబడును. అయినను నాలుగు భాషలు, గోపురము, విష్ణుమూర్తి గల బిళ్ల గనుక కోరువారు అనేకులు. అర వరహా అంతకంటె అరుదు. పైగా పెద్దది గనుక అక్షరములు విశాలముగా కనబడి కంటి కింపగును. ఒంటి పణము చిన్నది. అరిగిపోవుటయు, జారిపోవుటయు సులభము గనుక స్ఫుటమైనది దొరకుట కష్టము. కాని దాని సామాన్యరూపమును చూచి కొత్త సేకర్తలు ఉపేక్షింతురు. అనుభవజ్ఞులు దీనినే వెదకుదురు.

అరుదుతనముకంటె స్థితి ముఖ్యము. ఈ శ్రేణి నాణెములలో మొదట అరుగునది ఉబ్బెత్తుగా నున్న విష్ణుమూర్తి ముఖము, గోపురపు నడిమిభాగము. అంచునకు దగ్గరగా నున్న అక్షరములు పట్టీ చాటున కొంతకాలము నిలుచును. కాని ముద్రవేయునపుడు బిళ్ల ఒకవైపునకు జరిగినచో ఆ పక్క అక్షరములు పడనే పడవు. తమిళము పూర్తిగా నుండి తెలుగు సగము పోయినవి, తెలుగు నిలిచి తమిళము పోయినవి ఇట్లేర్పడినవే. రెండును సంపూర్ణముగా నున్నది మేలుజాతి.

తరువాతి శత్రువు శుభ్రత. వెండి కాలక్రమమున నల్లబడును. ఆ నలుపు వెండిపై పుట్టిన పలుచని పొరయే గాని మురికి కాదు. దానిని చింతపండుతోను, విభూతితోను, ఇటీవల దంతధావన చూర్ణములతోను తోమి తళతళలాడించుట మన యిండ్లలో ఆచారము. పండుగనాడు పూజాపాత్రలతోపాటు లక్ష్మీదేవి ముందుంచు పాత నాణెములనుకూడ తోముదురు. తోమిన ప్రతిసారియు సన్నని గీతలు పడి, అక్షరపు అంచులు మొద్దుబారును. నూరేండ్ల వాడుకలో పోనిది పది దీపావళులలో పోవును. సేకర్త భూతద్దమున ఆ గీతలను చూడగనే మూల్యము సగమునకు దించును. నల్లగా నున్న నాణెమును నల్లగానే పట్టుబట్టలోనో, మెత్తని కాగితములోనో పొదిగి యుంచుట మేలని పెద్దలకు నచ్చజెప్పుట సులభము కాదు. తళుకులేని లక్ష్మిని పూజలో నుంచుటకు ఏ గృహిణియు నొప్పుకొనదు. ఆమె దృష్టిని తప్పని యనుటకును వీలులేదు.

అతికించిన కొక్కెములు, పొడిచిన రంధ్రములు మరియొక సంగతి. వరహా బిళ్లలపై విష్ణుమూర్తి యుండుటవలన వానిని తాళికి తోడుగా, పిల్లల మెడలో రక్షగా ధరించిరి. కొక్కెము ఊడదీసినను మచ్చ మిగులును. అంగడిలో అట్టి బిళ్లకు వెల తక్కువ. చరిత్ర దృష్టిలో తక్కువ యని చెప్పుట కష్టము. టంకశాల పెట్టెలోనే యుండి మెరుగు చెడని బిళ్ల టంకశాలను గూర్చి మాత్రమే చెప్పును. మెడలో వ్రేలాడిన బిళ్ల ఒక కుటుంబమును గూర్చి చెప్పును. మొదటి దానిని కొనుటకే సంపన్నులు పోటీపడుదురు గనుక రెండవవి వెండి తూకమునకు మూసలోనికి పోవుచున్నవి. 1980 జనవరిలో అంతర్జాతీయ విపణిలో వెండి ఔన్సునకు 50 డాలర్ల సమీపమునకు ఎగసినపుడును, ఇటీవల 2025లో ఆ హద్దును దాటినపుడును, ఇంటనున్న పాతవెండి నమ్ముకొను ఆశ ఎట్టివారికైనను కలుగును. రంధ్రము పడిన రూకలు మొదట కరగునవి.

నకిలీలు ఈ రంగమున కొదువలేదు. వెల పెరిగిన ప్రతివస్తువునకును నీడ యొకటి వెన్నంటును. ఎక్కువ నకిలీలు అసలు నాణెము నుండి అచ్చు తీసి పోతపోసినవి. పోత బిళ్ల ఉపరితలమున సూదిమొన వంటి గుంటలుండును. అంచున రెండు భాగములు కలిసిన గీత కొన్నింట రాకివేసినను కనబడును. అక్షరములు మైనమున మెత్తబడినట్లు గుండ్రదేరియుండును. తూకము సాధారణముగా తక్కువ. తెలుగు చదువగలవానికి ఇక్కడ ఒక సౌకర్యము గలదు. తెలుగు తెలియక కొత్తగా అచ్చుదిమ్మె చెక్కిన మోసగాడు అక్షరమును బొమ్మగా చూచి గీయును. తలకట్టు తప్పుచోట పడును, ఒత్తు తెగిపోవును. తమ లిపిని తాము గుర్తింపగల తెలుగు సేకర్తలు ఈ విషయమున ఇతరులకంటె ముందుండవలసినది. కాని అక్కరతో చదువువారు తక్కువ.

మరియొక మోసము కాలనిర్ణయమునకు సంబంధించినది. దీనిని మోసమనుటకంటె అజ్ఞాన మనవలెనేమో. మదరాసున యంత్రముతో ముద్రించిన ఆర్కాటు రూపాయలపై హిజ్రీ 1172 అనియు, రెండవ ఆలంగీరు పాదుషా ఆరవ పరిపాలనవత్సర మనియు ఉండును. క్రీస్తుశకమున అది 1758–59. పాదుషా 1759లోనే హత్య గావింపబడినను, ఆయన పేరును, ఆ తేదీని 1835 వరకు మార్చక వాడిరి. తేదీని మాత్రము చదివినవాడు దానిని యుద్ధకాలపు నాణెమని భ్రమించి అధిక మూల్యమిచ్చును. బిళ్ల గుండ్రదనము, అంచు గీతలు, పద్మపు గుర్తు చూచినవాడు దానిని 19వ శతాబ్దిదిగా గ్రహించును. ఈ విషయములు తెలిసికొనగోరు వారికి మదరాసు మ్యూజియము అధ్యక్షుడుగా నుండిన ఎడ్గారు థర్‌స్టన్ 1890లో ప్రకటించిన కంపెనీ నాణెముల చరిత్ర, 1975లో వెలువడిన ప్రిడ్‌మోర్ గ్రంథము ఆధారములు. రెండును ఆంగ్లమున నున్నవి. తెలుగు అక్షరములుగల నాణెములను గూర్చి తెలుగులో వివరముగా చదువదలచిన గృహస్థునకు ఇంకను దారి యిరుకు.

పైన పేర్కొన్న వన్నియు అంగడి లెక్కలు. అంగడి లెక్కకు అందని యంశమొకటి గలదు. నాణెము ఎచట దొరకినదను సంగతియే అది. పావు వరహా ఒకటి మదరాసులో దొరకుట వింత కాదు. అదియే కోయంబుత్తూరు దిక్కున తెలుగు రైతుకుటుంబపు పాతపెట్టెలోనో, బరంపురమున నేతవారి యింటనో, హోసూరు పొలిమేర గ్రామమున పునాది త్రవ్వునపుడో దొరకినచో, ఆ కుటుంబముల రాకపోకలకును, వర్తకమార్గములకును అది గుర్తు కాగలదు. దొరకిన చోటు చెప్పని నాణెము వెలగల వస్తువే గాని సాక్షి కాజాలదు. దళారి చేతబడిన క్షణమున ఆ చోటు మాయమగును. ఏ యూరిదని అడిగినవానికి ఆతడు ఏదో యొక యూరు చెప్పును.

ఈ సంగతి గ్రహించియే 1878 నాటి నిధుల చట్టము, భూమిలో దొరకిన నిధి విలువ పది రూపాయలు మించినచో జిల్లా కలెక్టరునకు తెలుపవలెనని విధించినది. 1972 నాటి పురావస్తు చట్టము నూరేండ్లు దాటిన నాణెములను పురావస్తువులుగా నెంచి, అనుమతిలేక విదేశములకు పంపుటను నిషేధించినది. మొదటి చట్టము పల్లెలలో ఎరిగినవారు తక్కువ. ఎరిగినవారు భయపడి దాచుట ఎక్కువ. కుండెడు నాణెములు దొరకినచో కూలీలు పంచుకొని, ఆ రాత్రియే కరగించుట నేటికిని జరుగగల విషయము.

ఇంటనున్న నాణెములకు ఈ భయము లేదు. అవి భూమిలో దొరకిన నిధులు కావు. వానికి కావలసినది చిన్న కాగితపు ముక్క. ఏ తరము వారు, ఏ యూరి నుండి, ఏ సందర్భమున తెచ్చిరో, ఎవరి మెడలో నుండెనో, ఇంట దానిని ఏ పేరుతో పిలిచెడివారో నాలుగు పంక్తులు వ్రాసి నాణెముతోపాటు పొట్లములో నుంచవలెను. తమిళనాట పుట్టి పెరిగిన పిల్లలకు తెలుగు చదువు రానిచోట తమిళలిపిలోనైనను వ్రాయవచ్చును. ఆ నాణెముపైనను రెండు లిపులు నున్నవి గదా. వృద్ధురాండ్రు జీవించియున్న యిండ్లలో ఈ పని ముందుగా జరుగవలసియున్నది.